పెద్దవదినకు కట్టిన పళ్ళు

పళ్ళమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ అక్కర్లేదు. పళ్ళమ్మా అని పిలిస్తే పలుకుతుంది, మనకూ అది చాలు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ పేరు విని, ద్రాక్షపళ్ళో మరోటో అమ్ముకునే మనిషి కాబోలనుకుని సంచి పట్టుకుని వెళ్ళేవారు. వెళ్ళి, బల్ల మీద వరసగా పెట్టిన దవడలను చూసి హడలిపోయి తిరిగొచ్చేవారు. ఆవిడ చేసేది కట్టుడు పళ్ళు. పళ్ళ డాక్టరమ్మ క్లినిక్ వెనక ఒక పొడుగాటి గది, దానికొక కిటికీ, కిటికీ కింద బల్ల. బల్ల మీద చిన్న మంట వెలిగే స్టవ్వు, గిన్నెలో కరిగిన మైనం, సాన పట్టే మోటారు, దాని చుట్టూ తెల్లటి దుమ్ము. ఆ దుమ్ము ఆవిడ కనుబొమల మీద ఎప్పుడూ ఉంటుంది.

పని ఇలా సాగుతుంది. డాక్టరమ్మ మనిషి నోటి అచ్చు తీసి పంపిస్తుంది. పళ్ళమ్మ అందులో ప్లాస్టరు పోసి దవడ చేస్తుంది. దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, డబ్బాలోంచి పళ్ళు ఏరి ఒక్కొక్కటే గుచ్చుతుంది. ఆ మైనం సెట్టును డాక్టరమ్మ మనిషి నోట్లో పెట్టి నవ్వమంటుంది, మాట్లాడమంటుంది, బాగుందంటే వెనక్కి పంపిస్తుంది. అప్పుడు మైనం తీసేసి, దాని చోట గులాబిరంగు ముద్ద కూరి, ఉడకబెట్టి, గట్టిపడ్డాక సాన పడితే సెట్టు తయారు. మైనం ఉన్నంతసేపే పన్ను మన మాట వింటుంది. ఉడికిందా, ఇక బ్రహ్మదేవుడు చెప్పినా కదలదు.

ఆ పనిలో ఆవిడకున్న పొగరు అంతా ఇంతా కాదు. ఉండాల్సిందే మరి. ఆ చుట్టుపక్కల వయసు మళ్ళినవాళ్ళలో సగంమంది నవ్వు ఆవిడ చేతిలో తయారైనదే. టీకొట్టు తాతయ్య గట్టి బిస్కెట్టు కొరికి "విన్నావా కరకర!" అని వచ్చేపోయేవాళ్ళందరికీ వినిపించేవాడు. "సొంతపళ్ళేనా అని జనం అనుమానపడాలి. అప్పుడే నేను చేసినట్టు" అనేది పళ్ళమ్మ. ఆవిడ రూపాన్ని మాటనండి, వంటను మాటనండి, ఊరుకుంటుంది. పనిని మాటన్నారో, మీకూ ఆవిడకూ మాటల్లేవు.

ఇక పెద్దవదిన. ఈవిడ పళ్ళమ్మ భర్తకు స్వయానా అక్క. పెద్ద బడిలో ఇంగ్లీషు చెప్పి, అక్కడే హెడ్‌మాస్టరమ్మ అయి, రిటైరై కూడా ఆ బడి తనదే అన్నట్టు నడిచే మనిషి. ఆవిడ దగ్గర చదివినవాళ్ళు ఎక్కడ కలిసినా మొదట తలుచుకునేది ఒకే ఒక్క పాఠం. ఫీల్ పాఠం. కొత్త తరగతిలోకి మొదటిసారి అడుగుపెట్టగానే పెద్దవదిన ఒక పిల్లను లేపి, బల్ల మీద చెయ్యి పెట్టించేది. "గరుకుగా ఉందా? తాకి తెలుసుకున్నావు. ఇది ఫీల్." కిటికీ తెరిపించేది. "చలేసిందా? ఇదీ ఫీల్." ఈ బడి ఎలా ఉందో చెప్పమనేది. "నీకు అలా అనిపించింది. ఇదీ ఫీలే." ఆఖరున, వెనకబెంచీలో ముఖం వేలాడేసుకుని కూర్చున్న పిల్ల పక్కకు వెళ్ళి, ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, కాస్త ఆగి, గొంతు తగ్గించి అనేది: "ఎదుటిమనిషి బాధ నా బాధ కావటం. పిల్లలూ, ఇది కూడా ఫీలే. ఈ ఒక్క క్రియ సరిగ్గా వాడటం వస్తే సగం ఇంగ్లీషు వచ్చినట్టు. మనిషిగా బతకటం మొత్తం వచ్చినట్టు."

తరగతిలో ముక్కులు ఎగబీల్చిన చప్పుడు వినిపించేదట. అబ్బో, ఏం పాఠం, ఏం పాఠం!

బడి గేటు దాటి ఇంటికి రాగానే మాత్రం ఆ క్రియకు ఉన్న అర్థాలన్నీ ఊడిపోయి ఒక్కటే మిగిలేది. మనవాళ్ళు ఆ మాటను తెచ్చుకుని ఏం చేశారో మీకు తెలియనిది కాదు. పక్కన ఒక 'అవ్వటం' తగిలించి ఇంట్లో పడేసుకున్నారు. ఫీలయ్యాడు, ఫీలైపోయింది, మరీ అంత ఫీలైతే ఎలా అంటాం. ఇంగ్లీషువాడికి అది చలి, గుడ్డ మెత్తదనం, మనసులో ఆలోచన, పక్కవాడి కష్టం. మనకు మాత్రం చిన్నబుచ్చుకోవటం, అంతే. "బాధపడకు" అంటే అన్నవాడి మీద కాస్త బరువు పడుతుంది, బాధపెట్టింది నేనే కదా అని. "ఫీలవ్వకు" అంటే ఆ గొడవ లేదు. అనాల్సింది అనేయొచ్చు, ఆ తర్వాత తప్పు ఫీలైనవాళ్ళది.

ఈ వాడకంలో పెద్దవదినను మించినవాళ్ళు లేరు. "ఫీలవ్వకు మరదలా, ఈ రంగు నీకు నప్పలేదు." "ఫీలవ్వకు, నీ చేతి టీ కంటే వేడినీళ్ళు నయం." "ఫీలవ్వకు, నీ దగ్గర ప్లాస్టరు కంపు కొడుతోంది, కాస్త అవతలికి జరిగి కూర్చో." పళ్ళమ్మ ముఖం మాడితే చప్పట్లు కొట్టి నవ్వేది. "అదుగో, ఫీలైపోయింది! ముందే చెప్పాను కదా తల్లీ ఫీలవ్వొద్దని!" చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వేవారు. ఇన్నిసార్లు ముందుగా హెచ్చరించినా ఫీలయ్యే మనిషిని చూసి నవ్వక ఏం చేస్తారు?

పళ్ళమ్మ భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పనివాడు. నోట్లో నాలుక లేని మనిషి అంటారే, అచ్చం ఆ బాపతు. అక్క ఏమన్నా ఆయన దగ్గర ఒకటే జవాబు. "అక్క మనసులో ఏమీ ఉండదు. నోటికొచ్చింది అనేస్తుంది, అంతే."

ఇంతవరకే అయితే పళ్ళమ్మ మింగేదే. మింగింది కూడా. మింగుడుపడనిది ఒకటుంది.

పెళ్ళయిన కొన్నేళ్ళకు ఆవిడ కడుపు పండింది. నెలలు నిండకుండానే పోయింది. ఆడపిల్ల. ఆ తర్వాత మళ్ళీ ఆ ఊసు లేదు. ఆస్పత్రి మంచం మీద, సగం మత్తులో, కడుపు మీద చెయ్యి వేసుకుని అక్కడ ఏమీ లేదని మళ్ళీ మళ్ళీ తెలుసుకుంటూ పడుకుని ఉండగా పెద్దవదిన వచ్చింది. భర్త మందులు తేవటానికి కిందికి వెళ్ళాడు. పెద్దవదిన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "ఫీలవ్వకు మరదలా" అంది. "ఒకందుకు ఇదే మంచిది. పిల్లల్ని పెంచే లక్షణం నీలో లేదు. పుట్టుంటే దాని బతుకు నాశనమయ్యేది." అని, పైకి చూసి, ఈ గదిలో ఫ్యాను తిరగదా అని అడిగింది.

భర్త మందులతో వచ్చాక, అక్క వెళ్ళిపోయాక, పళ్ళమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆ మాట చెప్పింది. ఆయన మంచం అంచున కూర్చుని ఆవిడ నుదురు తుడిచాడు. "ఛ, అక్క అలా ఎందుకంటుంది? నీకింకా మత్తు దిగలేదు. ఏదో కలగన్నావు, పడుకో" అన్నాడు.

చూశారా! అక్కడ పడింది అసలు దెబ్బ. అన్నదని గట్టిగా తెలిస్తే పళ్ళమ్మ దులిపి పారేసేది. అనలేదని తెలిస్తే మరిచిపోయేది. రెండూ కాకుండా పోయింది. నిద్రలేచినప్పుడల్లా ఆ మాట చెవిలో ఉండేది, ఆ వెంటనే, నిజంగా అన్నదా, నాకే పిచ్చా అనే అనుమానం ఉండేది. తన బిడ్డ గురించి అంత మాట తనే కల్పించుకుందేమో అనుకుంటే తన మీద తనకే అసహ్యం వేసేది. ఎప్పుడైనా ఉండబట్టలేక కదిపితే, భర్త "మళ్ళీ అదేనా?" అని పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. ఆ మాట నిజంగా అన్నది అని ఒక్క ప్రాణి ఒప్పుకుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకునేది పళ్ళమ్మ. ఒప్పుకునే ప్రాణి లేదు. పగ మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ ముదిరింది.

పెద్దవదిన చిగుళ్ళు పాడయ్యాయి. డాక్టరమ్మ ఉన్నవన్నీ పీకేసింది. సరిగ్గా అప్పుడే బడిలో కొత్త హాలు కట్టి దానికి పెద్దవదిన పేరు పెడుతున్నారు. పాత విద్యార్థులందరూ వస్తారు, మేడమ్ ఫీల్ పాఠం మరోసారి చెబుతారు, అదీ ఏర్పాటు. డాక్టరమ్మ కూడా ఆవిడ శిష్యురాలే. "మా ల్యాబు అక్క చేతి పళ్ళయితేనే మీకు సరిపడతాయి మేడమ్" అని పట్టుబట్టింది.

అలా పెద్దవదిన నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఆ గదిలోకి మొదటిసారి వచ్చింది. దవడల వంక చూసి ముఖం చిట్లించింది. "ఫీలవ్వకు మరదలా, నీ పని మీద నాకు నమ్మకం లేదు. ఆ పిల్ల మాట కాదనలేక వచ్చాను" అంది.

అనబోయింది అనాలి. పళ్ళు లేని నోట్లోంచి ఆ 'ఫ' రాలేదు. ఉఫ్ మని దీపం ఊదినట్టు ఉత్తగాలి వచ్చింది. పెద్దవదిన ఇంకోసారి ప్రయత్నించింది. మళ్ళీ గాలే.

పళ్ళమ్మ చేతిలోని మైనం కత్తి ఆగిపోయింది. ఈ సంగతి ఆవిడకు కొత్తది కాదు. పైపళ్ళ అంచు కింది పెదవిని తాకితేనే 'ఫ' పలుకుతుంది. పైపళ్ళు ఒక్క పిసరు పొట్టివైనా, లోపలికి వాలినా ఆ అక్షరం చెడుతుంది. అందుకే మైనం సెట్టు పెట్టినప్పుడు డాక్టరమ్మ అందరిచేతా ఫోను, ఫ్యాను, ఆఫీసు అనిపిస్తుంది. తెలిసిన సంగతే, కానీ ఆ నోటిని చూస్తూ దాన్ని ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించింది. ఒళ్ళంతా వెచ్చగా అయింది. ఇంతకాలం ఏ మాటతో తనను కోసిందో ఆ మాట ఆ నోట పలకాలా వద్దా అన్నది ఇప్పుడు తన చేతిలో ఉంది. దేవుడున్నాడు అనుకుంది.

"కూర్చోండి వదినా" అంది చాలా మర్యాదగా.

అయినా వెంటనే పాడు చెయ్యలేదండోయ్. చెయ్యి ఒప్పుకోలేదు. మైనంలో పళ్ళు అమర్చేటప్పుడు అలవాటు కొద్దీ చక్కగా అమర్చేసింది. పోనీలే, ముసలిదైపోయింది, అని ఒక మూల అనుకుంది కూడా. డాక్టరమ్మ ఆ సెట్టును పెద్దవదిన నోట్లో పెట్టి, పళ్ళమ్మను కూడా ముందుగదిలోకి పిలిచింది.

పెద్దవదిన అద్దం పట్టుకుని "ఫీల్, ఫీల్, ఫీల్" అంది. గంట కొట్టినట్టు పలికింది. డాక్టరమ్మ చిన్నపిల్లలా గెంతింది. పెద్దవదిన అద్దం దించి పళ్ళమ్మ వైపు తిరిగింది. ఒక్క మంచి మాట అని ఉంటే ఈ కథే లేదు. "ఫీలవ్వకు మరదలా" అంది, ఫకారం ఒత్తి మరీ. "పుట్టి బుద్ధెరిగాక ఇన్నాళ్ళకు ఒక్క పనైనా పూర్తిగా చెయ్యగలిగావు."

ఒక్క పనైనా పూర్తిగా! ఆ మాటలో ఏముందో, పెద్దవదిన ఏ ఉద్దేశంతో అందో మనకు తెలియదు. పళ్ళమ్మకు మాత్రం ఆస్పత్రి మంచం, ఖాళీ కడుపు, తిరగని ఫ్యాను కళ్ళముందు నిలబడ్డాయి. సెట్టు తీసుకుని వెనకగదిలోకి వచ్చి తలుపు వేసుకుంది. మధ్యాహ్నపు ఎండ బల్ల మీద పడుతోంది. కత్తి కొనను మంటలో వేడిచేసి, ముందుపళ్ళ వెనక మైనాన్ని మెత్తబరిచి, బొటనవేలితో పళ్ళను పైకీ లోపలికీ నొక్కింది. ఎంత? బియ్యపుగింజలో సగం. నమలటానికి ఏ లోటూ ఉండదు, నవ్వితే ఎవరికీ తెలియదు. "ఇప్పుడు చెప్పు పాఠం. నీ నోట ఆ మాట మళ్ళీ వస్తే నా పేరు పళ్ళమ్మ కాదు" అని పళ్ళు నూరింది.

ముద్ద కూరింది, ఉడకబెట్టింది, అద్దంలా మెరిసేదాకా సాన పట్టింది. సభ రోజు పొద్దుటిదాకా ఇవ్వలేదు. ముద్ద ఆరలేదని ఒకసారి, మోటారు పాడైందని ఒకసారి సాకులు చెప్పింది. డాక్టరమ్మ హడావిడిగా ఆ పళ్ళు పెట్టి, నమలమని చూసి, మాట కాస్త తేడాగా ఉందని పెద్దవదిన అంటే "కొత్తలో అలాగే ఉంటుంది మేడమ్, సాయంత్రానికి సర్దుకుంటుంది" అంది. అందరికీ చెప్పేది అదే, చాలామందికి నిజమయ్యేదీ అదే.

సాయంత్రం సభ. కొత్త హాల్లో కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. కుర్చీలు నిండిపోయి గోడల పక్కన కూడా జనం నిలబడ్డారు. ముందు వరసలో పళ్ళమ్మ, ఒకపక్క భర్త, ఇంకోపక్క డాక్టరమ్మ. పళ్ళమ్మ ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. "మా అక్కకు జరిగే సన్మానానికి నువ్వింత సంతోషంగా వస్తావనుకోలేదోయ్" అని భర్త మురిసిపోయాడు.

పెద్దవదిన మైకు ముందు నిలబడింది. చప్పట్లు ఆగటానికి చాలాసేపు పట్టింది. "మేడమ్, పాఠం!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఆవిడ నవ్వింది. పళ్ళు ముత్యాల్లా మెరిశాయి. బల్ల మీద చెయ్యి పెట్టి, పాత పద్ధతిలోనే, "గరుకుగా ఉందా? ఇది..." అంది.

ఉఫ్ మంది మైకు.

జనం ఎదురుచూశారు. ఆవిడ గొంతు సవరించుకుని మళ్ళీ అంది. ఉఫ్. ఈసారి చిన్న ఈల కూడా తోడైంది. ఎక్కడో ఒక కిసుక్కు వినిపించింది. మూడోసారి అనేసరికి ఆ కిసుకిసలు వరసలు దాటి ముందుకొచ్చాయి. అందరూ పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళే, నెరిసిన తలలవాళ్ళే, అయినా తరగతిలో కూర్చున్నట్టు నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. పెద్దవదిన చెవులు ఎర్రబడ్డాయి. పళ్ళమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆ కిసుకిసలు ఆవిడకు చెవుల్లో తేనె పోసినట్టున్నాయి. ఎన్ని ఇళ్ళలో, ఎంతమంది మధ్య తను ఇలా ఎర్రబడింది! కడుపు నిండిపోయింది అనుకోండి.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. పెద్దవదిన సామాన్యురాలా? ఎన్ని తరగతులను అదుపులో పెట్టిన మనిషి! చెయ్యి ఎత్తింది, హాలంతా నిశ్శబ్దమైంది. "నవ్వండి, నవ్వండి" అంది. "కొత్త పళ్ళు. అదుగో, ముందు వరసలో కూర్చుంది, మా మరదలు, తనే కట్టింది. ఆవిణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనకండి. పాపం, ఆవిడ చేతనైంది అంతే. మనవాళ్ళ పని మనమే పెట్టుకోకపోతే ఎవరు పెట్టుకుంటారు?"

హాలు మొత్తం పళ్ళమ్మ వైపు తిరిగింది. ఎంత జాలి, ఎంత జాలి! ఆ వెంటనే చప్పట్లు మోగాయి, మేడమ్ ఎంత పెద్ద మనసు అని. డాక్టరమ్మ వంగి గుసగుసగా "అక్కా, ట్రయల్లో బాగానే ఉందిగా, ఎక్కడ పొరపాటు జరిగింది?" అంది. భర్త "పోనీలే, నువ్వేం చేస్తావు" అని చెయ్యి నిమిరాడు.

పళ్ళమ్మ ఆ చెయ్యి తోసేసింది. చెడగొట్టింది తను, నవ్వులపాలైంది తను. పైగా చేతకానిది! రేపటినుంచి టీకొట్టు తాతయ్య బిస్కెట్టు కొరికినా జనం అనుమానంగానే వింటారు. నోరు మూసుకుని కూర్చుంటే పనిరానిదని పేరు, లేచి నిజం చెబితే పాపిష్టిదని పేరు. పళ్ళమ్మకు ఎంచుకోవటానికి ఎంతోసేపు పట్టలేదు. పాపిష్టిదన్నా పడుతుంది, పనిరానిదంటే పడదు.

లేచి నిలబడింది.

"చేతకాక కాదు" అంది. మైకు లేకపోయినా హాలంతా వినపడింది. "ఆ పళ్ళు చక్కగా కట్టింది నేనే. పలుకుతున్నాయని డాక్టరుగారు చూశాక చెడగొట్టింది కూడా నేనే. ముందుపళ్ళు పైకి నొక్కాను. కావాలని నొక్కాను."

"కూర్చో, కూర్చో" అని భర్త కొంగు పట్టి లాగాడు. ఆవిడ విదిలించుకుంది.

పెద్దవదిన మైకు వదిలి ఒక అడుగు ముందుకు వేసింది. "ఎందుకే?" అంది.

"ఎందుకా? ఆస్పత్రిలో నా బిడ్డ పోయిన రోజు మీరు వచ్చారు. ఒకందుకు ఇదే మంచిది అన్నారు. పుట్టుంటే దాని బతుకు నాశనమయ్యేది అన్నారు. ఇంత పాఠం చెబుతారు కదా, భుజం మీద చెయ్యి వేసి మరీ చెబుతారు కదా! ఆ చెయ్యి ఆ రోజు నా మీద ఎందుకు వెయ్యలేదు? నేనేం రాయినా? నాకు బాధ ఉండదా?"

ఆవిడ గొంతు బొంగురుపోయింది. ఏడుపు కాదు, కోపం.

పెద్దవదిన ముఖంలో నిజంగానే వెతుకులాట కనిపించింది. ఎంత వెతికినా దొరకలేదు. "నేనా? అలా అన్నానా? నాకేం జ్ఞాపకం లేదే" అంది. ఆ తర్వాత, ఎప్పుడు ఇరుకున పడ్డా చేసే పనే చేసింది. తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా, నువ్వు చెప్పు. నేనలా అంటానా? నీ పెళ్ళానికి మతి పోయింది, తీసుకెళ్ళు."

అందరూ ఆయన వైపు చూశారు. పళ్ళమ్మ చూడలేదు. ఆయన ఏమంటాడో ఆవిడకు తెలుసు. అక్క మనసులో ఏమీ ఉండదు అంటాడు, నీకింకా మత్తు దిగలేదు అంటాడు.

ఆయన కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. లేచి నిలబడి కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. "అన్నావక్కా" అన్నాడు.

పెద్దవదినకు వినపడనట్టుంది. "ఏమిటి?"

"అన్నావు. నేను మందులు తీసుకుని గుమ్మం దాకా వచ్చేశాను. తెర అవతల నిలబడ్డాను. నువ్వన్నదంతా విన్నాను. మా పాప బతుకు నాశనమయ్యేది అన్నావు. నాకు లోపలికి రావటానికి కాళ్ళాడలేదు."

పెద్దవదిన వెనకున్న కుర్చీలో కూలబడింది. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఆ పళ్ళు తీసేసింది. బుగ్గలు లోపలికి పోయి, ఒక్కసారిగా ఎవరో తెలియని ముసలమ్మ అయిపోయింది. ముందు వరసలో ఒకామె తల దించుకుంది, తర్వాత పక్కావిడ, అలా ఒక్కొక్కరే దించుకున్నారు. ఆ ముఖంలోకి చూడటానికి ఆవిడ శిష్యుల్లో ఒక్కరికీ మనసొప్పలేదు. పళ్ళమ్మ ఇన్నేళ్ళూ కోరుకున్నది సరిగ్గా ఇదే. ఇంతకంటే బాగా తీరే పగ ఉండదు.

కానీ ఆవిడ అటు చూడటం లేదు. భర్త వైపు చూస్తోంది.

హాల్లోంచి ఎలా బయటికొచ్చారో పళ్ళమ్మకు గుర్తులేదు. వరండాలో డాక్టరమ్మ ఎదురొచ్చి దారికడ్డంగా నిలబడింది. "తప్పు నాదే డాక్టరుగారూ" అంది పళ్ళమ్మ. "ఆవిడ పళ్ళు ఇంకెక్కడైనా చేయించండి. రేపటినుంచి నాకు పని ఇవ్వకపోయినా నేనేమీ అడగను." డాక్టరమ్మ తలూపి పక్కకు జరిగింది.

బడి ఎదురుగా బస్టాపు. ఇంకా వెలుతురుంది. భర్త పక్కన నిలబడి, ఏదో బరువు దించుకున్నవాడిలా గట్టిగా ఊపిరి పీల్చాడు. "ఇప్పటికైనా చెప్పేశాను. నీ మనసు చల్లబడిందా?" అన్నాడు.

"కల అన్నారు" అంది పళ్ళమ్మ.

"అప్పుడు నువ్వు చాలా నీరసంగా ఉన్నావు. ఇంట్లో గొడవలెందుకని..."

"నాకు పిచ్చేమో అనుకున్నానండీ. నా పిల్ల గురించి అంత మాట నేనే పుట్టించానేమో అని ఏళ్ళ తరబడి నన్ను నేనే తిట్టుకున్నాను. పక్కనే కూర్చుని చూశారు. పేపరు చదువుకున్నారు." ఆవిడ గొంతు పెంచలేదు. "ఆవిడ ఒక్కసారి అని మర్చిపోయింది. మీరు రోజూ గుర్తుపెట్టుకుని రోజూ అబద్ధమాడారు."

ఎదురుగా బస్సు వచ్చి ఆగింది. పళ్ళమ్మ చెయ్యి చాపింది. "తాళంచెవి ఇవ్వండి."

ఎందుకో తెలియకుండానే ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు.

"మీ అక్కగారింటికి వెళ్ళండి. పళ్ళు లేవుగా, మెత్తగా వండిపెట్టే మనిషి కావాలి ఆవిడకి" అంది. తాళంచెవి సంచిలో వేసుకుని, బస్సెక్కి, కిటికీ పక్క సీట్లో కూర్చుంది. ఆయన కిందే నిలబడిపోయాడు. బస్సు కదిలింది.